మొదటి సాలార్‌జంగ్

మొదటి సాలార్‌జంగ్ (జనవరి 21, 1829 - ఫిబ్రవరి 8, 1883) హైదరాబాదు సంస్థానానికి దాదాపు 30 సంవత్సరాలు దివానుగా పనిచేసిన పరిపాలనాదక్షుడు. అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. సాలార్‌జంగ్ మ్యూజియంలోని సుప్రసిద్ధ పాలరాతి శిల్పం మేలిముసుగు రెబెక్కాను కొని తెచ్చినది ఇతడే. మ్యూజియంలోని సేకరణలో అధికభాగం ఇతని మనుమడైన మూడవ సాలార్‌జంగ్ (1889-1949) కూర్చినది కావడం వలన, ఈ శిల్పాన్నీ ఆయనే కొన్నాడని పలువురు పొరబడుతుంటారు.

దివానుగా

1853లో, తండ్రి సోదరుడు సిరాజ్ ఉల్ ముల్క్ మరణానంతరం, 24 ఏళ్ళ వయసులో దివాను అయ్యాడు. అంతకు కొద్దిరోజుల ముందే బేరారు ప్రాంతం ఆంగ్లేయుల అధీనంలోకి వెళ్ళింది. ఖజానా అప్పులలో ఉంది. శిస్తు వసూలును గుత్తకిచ్చే పద్ధతిని తొలగించి, 1865 నుండి జిలాబందీ ద్వారా సంస్థానాన్ని జిల్లాలుగా విభజించి జీతాలు పొందే అధికారులను నియమించాడు. నల్గొండ, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఈ సంస్కరణల ఫలితమే. నాగర్‌కర్నూల్ జిల్లాయే తరువాత మహబూబ్‌నగర్ జిల్లా అయ్యింది. 1857 తిరుగుబాటులో ఇతడు ఆంగ్లేయుల పక్షం వహించాడు.

ఐరోపా యాత్ర

1876లో ఐరోపా వెళ్ళాడు. బేరారును తిరిగి రాబట్టాలన్నది ఇతని ఆశయం. పారిస్‌లో జారిపడి కాలు విరిగింది. లండనులో సన్మానాలు, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవపట్టా లభించాయి గాని బేరారు మాత్రం దక్కలేదు. ఏడేళ్ళ తరువాత హైదరాబాదులో కలరా సోకి మరణించాడు.

రెబెక్కా శిల్పం

ఆ యాత్రలోనే రోములో ఈ శిల్పాన్ని కొన్నాడు. శిల్పి జియోవాన్ని మరియా బెంజోని. 1876లో చెక్కినట్లు తరచుగా వ్రాస్తుంటారు, కాని బెంజోని 1873లోనే మరణించాడు. కనుక 1876ను కొనుగోలు చేసిన సంవత్సరంగానే గ్రహించాలి. బైబిలు పాత నిబంధనలోని రెబెక్కా, కాబోయే భర్త ఇస్సాకును చూసి ముసుగు వేసుకున్న ఘట్టం ఇందులోని వస్తువు. ముఖం మీది పలుచని వస్త్రం కూడా రాయే. చూపరులు అక్కడ ఆగిపోయేది అందుకే.

ఇది ఏకైక ప్రతి కాదు. ఆ కాలపు రోములో పేరుపొందిన శిల్పాలకు శిల్పి కార్యశాలలోనే మరికొన్ని ప్రతులు చెక్కి అమ్మడం సర్వసాధారణం. ఇదే రెబెక్కా ప్రతి ఒకటి అమెరికాలోని అట్లాంటా నగరపు హై మ్యూజియంలో ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఐరోపా శిల్పాలలో చాలావరకు ప్రసిద్ధ మూలశిల్పాలకు నకళ్ళే. ఐరోపాకు వెళ్ళలేని హైదరాబాదీయులకు వీనస్ వంటి దేవతామూర్తుల రూపురేఖలు తెలిసింది వీటివల్లనే.

1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలో మ్యూజియాన్ని ప్రారంభించాడు. 1968లో అది మూసీ ఒడ్డున ఉన్న ప్రస్తుత భవనంలోకి మారింది. రెబెక్కా కూడా అక్కడికే చేరింది.