నా చేత తుపాకి దింపించిన వేటగాడు

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమని కార్యదర్శిగారు కోరారు. నేను కెన్నెత్ ఆండర్సన్ గురించి రాస్తున్నాను.

ఆయన 1910లో సికింద్రాబాదు దగ్గర బొల్లారంలో స్కాటిష్ సంతతి కుటుంబంలో పుట్టారు. మనలాగే ఉద్యోగి. బెంగుళూరు విమాన కర్మాగారంలో పనిచేస్తూ, సెలవు దొరికితే అడవికి పోయేవారు. నాటి చిత్తూరు జిల్లా చామల లోయలోని నరభక్షక పులి కథ 1954లో వచ్చిన ఆయన మొదటి పుస్తకంలో ఉంది. 1939–1966 మధ్య అధికారిక లెక్క ప్రకారం ఆయన కొట్టిన నరభక్షకాలు 8 చిరుతలు, 7 పులులు.

ఆయన చేతిలో ఉండేది పాయింట్ 405 వించెస్టర్. దాని తూటా దాదాపు 19 గ్రాములు. చాలా మృగాలు మనుషుల మీద పడటానికి కారణం ఎవరో నాటు తుపాకితో చేసి వదిలేసిన గాయమేనని ఆయన పదేపదే రాశారు. గాయపడిన జంతువును వెతికి బాధ తీర్చడం కాల్చినవాడి ధర్మమని నమ్మారు.

ఆ మాట నాకు ఆలస్యంగా తెలిసింది. 1968లో, పర్మిట్లతో షికారు సాగే రోజుల్లో, మాచర్ల అడవిలో లైసెన్సున్న పాయింట్ టూటూ రైఫిల్‌తో చుక్కల దుప్పిని కాల్చాను. ఆ తూటా మూడు గ్రాములు కూడా ఉండదు, కుందేలుకు సరిపోతుంది. దుప్పి కుంటుతూ పొదల్లోకి పోయింది. చీకటి పడిందని ఇంటికి వచ్చేశాను. మూడోనాడు వాగు పక్కన గద్దలు చూపించాయి. తరువాత ఆండర్సన్ పుస్తకం చదివి, రైఫిల్ ఠాణాలో అప్పగించాను.

సన్న తుపాకిది తప్పు కాదు. జిమ్ కార్బెట్ పాయింట్ 275 రిగ్బీతోనే పులులను కొట్టారు. కానీ తగిన తూటా, దగ్గరి దూరం, గురి కుదరకపోతే ట్రిగ్గర్ నొక్కని నిగ్రహం ఆయనకు ఉన్నాయి. నాకు ఆ మూడూ లేవు.

ఆండర్సన్ చివరి రోజుల్లో కెమెరా పట్టి, అడవిని కాపాడమని రాస్తూ 1974లో బెంగుళూరులో కన్నుమూశారు. అప్పటికే 1972 వన్యప్రాణి చట్టం వచ్చింది. మన మాచర్ల అడవులు నేడు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం.

పొలాల మీద పడే అడవి పందులతో విసిగిన రైతు మిత్రులకు నా మనవి: నాటు తుపాకులు, కరెంటు తీగలు వద్దు. అటవీశాఖవారికి అర్జీ పెట్టండి. గాయపడి పారిపోయిన జంతువు మనల్ని ఎంతకాలం వెంటాడుతుందో నాకు తెలుసు.