డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

తెలుగుదేశమున బుట్టి లోకమునకెల్ల మేలుచేసిన మహనీయులలో యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. వీరు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూశాఖలో చిరుద్యోగి. బాల్యమున వీరికి చదువుపై శ్రద్ధ లేకుండెను. కాశికిబోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని యిల్లు విడువగా, తల్లి వెంకమ్మగారు వెనుకకు రప్పించి మరల బడికి బంపిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు కృతార్థులైరి.

మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించుటచే ఆంగ్లాచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమునే పొందిరి. సోదరులిద్దరు కొద్దిదినముల వ్యవధిలో స్ప్రూ అను జీర్ణకోశవ్యాధికి బలియైరి. తగిన మందులేక మనుష్యుడు మరణించుట యెంతటి దుఃఖమో వీరు తమ యింటనే చూచిరి.

1922లో అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ పనివానిగా నుండి పొట్టబోసికొనుచు, హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివిరి. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో జేరి, పరిశోధనకు నాయకులైరి. స్ప్రూ వ్యాధికి గుణమిచ్చు ఫోలిక్ ఆమ్లమును, బోదకాలు రోగమునకు హెట్రజానును వీరి బృందమువారు సిద్ధపరచిరి. వీరి యాజమాన్యమున, డెబ్బదియేండ్లు దాటిన బెంజమిన్ డుగ్గరుగారు మిస్సోరీ రాష్ట్రపు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనిరి. టెట్రాసైక్లిన్ జాతి మందులలో నిదియే మొదటిది. అది 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. ఆ యేటి ఆగస్టులోనే సుబ్బారావుగారు 53వ యేట న్యూయార్కున కన్నుమూసిరి.

మందు దొరకినది, కాని పోరాటము ముగియలేదు. 1953 నాటికే టెట్రాసైక్లిన్‌కు లొంగని రక్తవిరేచన క్రిములు కానవచ్చెను. కారణమేమన, మందు తగిలినపుడు బలహీన క్రిములు చచ్చును. దానిని తట్టుకొన్నవి మిగిలి వృద్ధిచెంది, ఆ శక్తిని ఇతర క్రిములకును పంచిపెట్టును. మందు వాడినకొలది ఇట్టివి పెరుగును.

వీని బాధ ఆసుపత్రులలోని ఐ.సి.యు. విభాగములందు మిక్కుటము. అచటి రోగులు దుర్బలులు. శ్వాసకొఱకు గొంతులోను, మూత్రముకొఱకు మూత్రాశయములోను, మందులకొఱకు రక్తనాళములలోను గొట్టము లమర్పబడియుండును. క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్ అను మొండి క్రిములు ఆ గొట్టముల వెంట, కడుగని చేతుల వెంట లోపల జొచ్చును. టెట్రాసైక్లిన్ సంతతికే చెందిన టైగిసైక్లిన్ అను మందు 2005లో అంగీకారము పొంది, ఇట్టి కొన్ని క్రిములపై నేడు ప్రయోగింపబడుచున్నది. దానికిని లొంగని క్రిములు బయలుదేరినవి. సుబ్బారావుగారి సోదరులకు మందు లేకపోయెను. నేటి రోగికి మందుండియు పనిచేయకపోవుచున్నది.

చేవెళ్ల, మొయినాబాదు వాసులమగు మనకు దీనితో నేమి పని యని తలపరాదు. జలుబునకు యాంటీబయోటిక్ పనిచేయదు. అయినను దుకాణమున నాలుగు బిళ్లలు కొని మింగుట, పొరుగువారికి మిగిలిన బిళ్లలిచ్చుట మన గ్రామములందును కలదు. మన యింట పెరిగిన మొండి క్రిమియే రేపు మన తాతగారి ప్రక్కనుండు మంచము చేరవచ్చును. కావున వైద్యుడు వ్రాసినపుడే, వ్రాసినంతయే వాడుడు. రోగిని చూడబోవునపుడు సబ్బుతో చేతులు కడుగుడు. ఆ మహనీయుడు జీవితమంతయు ధారవోసి సంపాదించిన సొత్తును వ్యర్థపుచ్చకుండుటయే మనము వారికి జూపదగిన కృతజ్ఞత.