బడిని వాకిట్లోకి తెచ్చిన తారాబాయి మోదక్

ఈ పుస్తకంలో పొదుపు, అప్పులు, వాయిదాల లెక్కలన్నీ ఉన్నాయి. ఆరేళ్ళ లోపు పిల్లల లెక్క మాత్రం ఎక్కడా కనపడదు. మనం కూలికి పోయినా, మీటింగుకి వచ్చినా చంటిపిల్లని ఎవరో ఒకరు చూడాలి. చాలా ఇళ్ళల్లో ఆ ఎవరో ఒకరు బడికి పోవాల్సిన పెద్దపిల్లే. ఈ సంగతిని ఎనభై ఏళ్ళ కిందటే పట్టించుకున్న ఒక తల్లి జీవితం ఇక్కడ రాస్తున్నాను.

తారాబాయి 1892లో బొంబాయిలో పుట్టారు. పుట్టింటివారు కేల్కర్లు, ఆడపిల్లల్ని చదివించాలనుకున్న కుటుంబం. ఆడవాళ్ళు గడప దాటడమే గొప్ప అనుకునే ఆ కాలంలో ఆమె 1914లో బి.ఏ. పాసయ్యారు. మరుసటి ఏడు మోదక్ గారనే వకీలుతో పెళ్ళయి, అమరావతి వెళ్ళారు. ఇది మన అమరావతి కాదు, మహారాష్ట్రలో విదర్భ వైపు ఉన్న ఊరు. కాపురం నిలవలేదు. 1921లో భార్యాభర్తలు విడిపోయారు. చిన్న కూతురితో ఆమె తన కాళ్ళ మీద తాను నిలబడాల్సి వచ్చింది. రాజ్‌కోట్‌లో ఆడ టీచర్లకు శిక్షణ ఇచ్చే కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. మంచి జీతం, మంచి గౌరవం ఉన్న ఉద్యోగం అది.

ఆ రోజుల్లోనే గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా అనే ఆయన వకీలు పని మానేసి పసిపిల్లల కోసం బాలమందిరం నడుపుతున్నారు. ఇటలీ దేశపు డాక్టరమ్మ మరియా మాంటిస్సోరి పద్ధతి ఆయనకు దారి చూపింది. ఆ డాక్టరమ్మ 1907లో రోమ్ నగరంలో, తల్లిదండ్రులు పనికి పోయే పేద పిల్లల కోసం మొదటి బడి తెరిచింది. పిల్లవాడు వినడం కంటే చేతులతో చేసి ఎక్కువ నేర్చుకుంటాడు, వాడి పని వాణ్ణి చేసుకోనివ్వాలి, కొట్టి తిట్టి నేర్పకూడదు అన్నది ఆ పద్ధతిలో అసలు సంగతి. తారాబాయి గారు ప్రిన్సిపాల్ ఉద్యోగం వదిలేసి 1923లో గిజుభాయి గారి దగ్గర పనిలో చేరారు. 1926లో ఇద్దరూ కలిసి నూతన బాల శిక్షణ సంఘం పెట్టారు. తర్వాత 1936లో ఆమె బొంబాయి దాదర్‌లో శిశువిహార్ అనే బడి మొదలుపెట్టారు.

ఆ బడి బాగా నడిచింది. కానీ చదువు పట్నం పిల్లల దగ్గరే ఆగిపోతోందని ఆమెకు తోచింది. మాంటిస్సోరి సామాను ఖరీదైనది, పల్లెటూరి వాళ్ళు కొనలేరు. అందుకని 1945లో, యాభై మూడేళ్ళ వయసులో, బొంబాయికి ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న బోర్డి అనే పల్లెకు వెళ్ళి బాలవాడి తెరిచారు. అక్కడ అనుతాయి వాఘ్ గారు తోడయ్యారు. ఈమెకు పదమూడేళ్ళకే పెళ్ళి చేస్తే కొద్ది నెలలకే భర్త పోయాడు. తర్వాత పట్టుదలగా చదువుకుని టీచరైన మనిషి.

బోర్డిలో బాలవాడి తెరిచారు గానీ పేదవాడల పిల్లలు రాలేదు. తల్లులు పొద్దున్నే పనికి పోతే పంపేదెవరు? అప్పుడు వీళ్ళిద్దరూ బడినే పిల్లల దగ్గరకు తీసుకుపోయారు. దళితవాడలో ఇళ్ళ ముంగిట పిల్లల్ని కూర్చోబెట్టి, ముఖాలు కడిగి, తల దువ్వి, ఆటపాటలతో నేర్పారు. అంగణం అంటే ముంగిలి. ఈ రోజు మన ఊరూరా ఉన్న అంగన్‌వాడీ అనే మాటకు మూలం ఆ ముంగిటి బడే.

ఖరీదైన సామానుకు బదులు గవ్వలు, గులకరాళ్ళు, గింజలు, ఆకులు, పువ్వులు, మట్టి వాడారు. లెక్కపెట్టడానికీ, రంగులు తెలియడానికీ, చిన్నా పెద్దా తేడా చూడడానికీ అవే సరిపోయాయి. 1957లో దగ్గర్లోని కోస్‌బాడ్ కొండకు మారి, వార్లీ గిరిజన పిల్లల మధ్య పని చేశారు. పసిపిల్లల్ని చూసే చోటు, బాలవాడి, ప్రాథమిక బడి ఒకేచోట పెట్టారు. తమ్ముణ్ణి చంకనెత్తుకొచ్చిన అక్క వాణ్ణి అక్కడ దింపి తన తరగతికి పోవచ్చు. పశువులు కాసే పిల్లల కోసం మేత బీళ్ళలోనే చదువు చెప్పారు. 1962లో ప్రభుత్వం ఆమెకు పద్మభూషణ్ ఇచ్చింది. 1973లో కన్నుమూశారు. రెండేళ్ళకు, 1975 అక్టోబరు 2న, ప్రభుత్వం అంగన్‌వాడీల పథకం మొదలుపెట్టింది.

ఆమె బాటలో మనమూ పైసా ఖర్చు లేకుండా ఇంట్లో చేయదగ్గవి ఉన్నాయి. ఏడాదిన్నర దాటిన బిడ్డకు నాలుగు డబ్బాలూ మూతలూ ఇస్తే ఏ మూత దేనిదో వెతుక్కుంటుంది. ఉల్లిగడ్డలు ఒక బుట్టలో, ఆలుగడ్డలు ఒక బుట్టలో వేయమనండి. రెండేళ్ళ పిల్లకు పళ్ళెంలో రెండు స్టీలు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కొంచెం నీళ్ళు పోయనివ్వండి. ఒలికితే గుడ్డ ఇచ్చి తుడవమనండి, అది కూడా చదువే. తువాలు మడవడం, చెప్పులు జత చేయడం, కళ్ళు మూసుకుని కరివేపాకునీ కొత్తిమీరనీ వాసనతో చెప్పడం ఇలాంటివే. చింతగింజలు లెక్కపెట్టడం మూడేళ్ళు దాటాకే, అదీ మనం పక్కనుండగానే. గింజలు, గుండీలు, చిల్లర పైసలు చిన్నపిల్లల గొంతులో అడ్డం పడతాయి. నీళ్ళ బకెట్ దగ్గర బిడ్డను ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు డబ్బాలు కడిగినా సరే ఆటకు ఇవ్వొద్దు.

ఒకసారి నెమ్మదిగా చేసి చూపించి, తర్వాత చేయి వెనక్కి తీసుకోవాలి. తొందరపెట్టి మనమే చేసేస్తే బిడ్డ నేర్చుకునేది ఏమీ ఉండదు.

ఇవన్నీ ఇంట్లో చేసినా, మనం పనికి పోయిన వేళ పెద్దపిల్ల ఇంట్లోనే ఆగిపోతే తారాబాయి గారి పని మన దగ్గరికి రానట్టే. అందుకే నా మనవి ఒకటి. ప్రతి సంఘం వచ్చే మీటింగులో, చంటిపిల్లల కోసం బడి మానేసిన ఆడపిల్లలు మన సభ్యుల ఇళ్ళల్లో ఎంతమందో పేర్లు రాయాలి. ఆ చంటిపిల్లల్ని అంగన్‌వాడీకి పంపడమా, వంతులవారీగా మనమే చూసుకోవడమా అన్నది గ్రామ సంఘంలో కూర్చుని తేల్చుకోవాలి. అప్పు వాయిదా ఒక్కటి తప్పితే పదిమందిమీ అడుగుతాం. ఆడపిల్ల బడి తప్పినా అలాగే అడుగుదాం.