కార్ల్ బేడెకర్

కార్ల్ బేడెకర్ (నవంబర్ 3, 1801 - అక్టోబర్ 4, 1859) జర్మనీకి చెందిన పుస్తక విక్రేత, ప్రచురణకర్త. విదేశాలకు వెళ్ళే యాత్రికుడు ఏ దారిన వెళ్ళాలి, ఏమి చూడాలి, ఏ హోటల్లో బస చేయాలి, దానికి ఎంత చెల్లించాలి అన్న విషయాలన్నిటినీ ఒకే చిన్న పుస్తకంలో అందించిన కరదీపికల ద్వారా ఈయన ప్రసిద్ధుడయ్యాడు. హోటళ్ళను స్వయంగా పరిశీలించి, మేలైన వాటి పేర్ల పక్కన నక్షత్రం గుర్తు వేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవారిలో ఈయన ముఖ్యుడు. ఎర్రని అట్టతో వెలువడిన ఈ పుస్తకాలకు ఎంత పేరు వచ్చిందంటే, యూరప్ భాషలు కొన్నిటిలో బేడెకర్ అన్న ఇంటిపేరే యాత్రా మార్గదర్శక గ్రంథానికి మారుపేరయింది.

బాల్యము, విద్యాభ్యాసము

బేడెకర్ నేటి జర్మనీలోని ఎస్సెన్ పట్టణంలో జన్మించాడు. వీరిది ముద్రణ, పుస్తక విక్రయం వృత్తిగా గల కుటుంబం. తండ్రి గాట్‌షాక్ డీడెరిక్ బేడెకర్ ఎస్సెన్‌లో ముద్రాపకుడు, పుస్తక వ్యాపారి. ఆయన పదిమంది సంతానంలో కార్ల్ పెద్దవాడు. 1817లో కార్ల్ హైడెల్‌బర్గ్ చేరి అక్కడి విశ్వవిద్యాలయంలో చదువుకుంటూనే, ఒక పుస్తక విక్రేత వద్ద పని నేర్చుకున్నాడు. సైనిక సేవ ముగిసిన తరువాత బెర్లిన్‌లో గియోర్గ్ ఆండ్రియాస్ రైమర్ అనే ప్రముఖ ప్రచురణకర్త వద్ద 1823 నుండి 1825 వరకు సహాయకునిగా పనిచేశాడు. ఆ తరువాత ఎస్సెన్ తిరిగివచ్చి కొంతకాలం తండ్రికి తోడుగా ఉన్నాడు.

కోబ్లెంజ్‌లో ప్రచురణ సంస్థ

1827లో బేడెకర్ కోబ్లెంజ్ నగరంలో సొంతంగా పుస్తకాల దుకాణం, ప్రచురణ సంస్థ నెలకొల్పాడు. రైన్, మోజెల్ నదుల సంగమం వద్ద ఉన్న ఈ నగరం యాత్రికులకు కూడలి. అదే సంవత్సరం కొలోన్, మైంజ్ నగరాల మధ్య రైన్ నదిపై ఆవిరి పడవల రాకపోకలు క్రమబద్ధంగా మొదలయ్యాయి. అంతవరకు బండ్లలో రోజుల తరబడి సాగిన ప్రయాణం సులభమయ్యింది. ఇంగ్లాండు నుండి, ఇతర దేశాల నుండి యాత్రికులు అధిక సంఖ్యలో రాసాగారు. 1829లో బేడెకర్ ఎమీలీ హైన్జ్‌మన్‌ను వివాహమాడాడు.

కోబ్లెంజ్‌లోనే రోలింగ్ అనే ప్రచురణకర్త 1828లో మైంజ్ నుండి కొలోన్ వరకు రైన్ నదీయాత్రను వివరించే ఒక పుస్తకం వెలువరించాడు. దాని రచయిత యోహాన్ ఆగస్ట్ క్లైన్ అనే ఆచార్యుడు. 1832లో రోలింగ్ సంస్థను బేడెకర్ కొనుగోలు చేయగా, ఈ పుస్తకం హక్కులు కూడా ఆయనకు సంక్రమించాయి. క్లైన్ పుస్తకంలో చరిత్ర, సాహిత్య విశేషాలు పుష్కలంగా ఉన్నాయి కాని యాత్రికునికి దైనందిన అవసరాలకు పనికివచ్చే సమాచారం తక్కువ. బేడెకర్ దానిని పెంచి, సవరించి 1835లోను, ఆ తరువాత 1839లోను కొత్త ముద్రణలు తెచ్చాడు.

ఈ మార్పులకు ఇంగ్లాండులో జాన్ మర్రే (1808 - 1892) వెలువరించిన కరదీపికలు ఆదర్శంగా నిలిచాయి. యూరప్ ఖండంలో యాత్ర చేసేవారి కోసం మర్రే మొదటి పుస్తకం 1836లో వెలువడింది. బేడెకర్ ఆ విన్యాసాన్ని అనుసరించాడు. తన పుస్తకాలకు కరదీపిక అనే అర్థం గల జర్మన్ పేరును, తరువాతి కాలంలో మర్రే పుస్తకాల ఎర్రని అట్టను, బంగారు రంగు అక్షరాలను కూడా స్వీకరించాడు. 1856 నుండి బేడెకర్ పుస్తకాలన్నిటికీ ఎర్ర అట్టే గుర్తుగా స్థిరపడింది.

ముఖ్యమైన కరదీపికలు

* 1839 - బెల్జియం, హాలెండ్
* 1842 - జర్మనీ, ఆస్ట్రియా సామ్రాజ్యం
* 1844 - స్విట్జర్లాండ్
* 1855 - పారిస్, దాని పరిసరాలు

వీటిలో స్విట్జర్లాండ్ కరదీపిక విశేషమైన ఆదరణ పొందింది. ఆ కాలంలోనే స్విస్ సరస్సుల ఒడ్డున విలాసవంతమైన హోటళ్ళ నిర్మాణం ఊపందుకుంది. జెనీవాలో హోటల్ డె బెర్గ్ 1834లో, జ్యూరిక్‌లో బౌర్ ఓ లాక్ 1844లో, లూసెర్న్‌లో ష్వైట్జర్‌హోఫ్ 1845లో ప్రారంభమయ్యాయి. పారిస్ కరదీపిక వెలువడిన 1855లోనే ఆ నగరంలో అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. దానికి వచ్చే సందర్శకుల కోసం గ్రాండ్ హోటల్ డు లూవ్ర్ అనే భారీ హోటలు తెరిచారు. ఇటువంటి హోటళ్ళు పెరిగినకొద్దీ పరదేశపు యాత్రికునికి ఒక కొత్త చిక్కు ఎదురయ్యింది. భవనపు హంగును చూసి లోపలి శుభ్రతను, సేవను, బిల్లును అంచనా వేయడం సాధ్యం కాదు. భాష తెలియని ఊరిలో అతడు కిరాయి గైడ్ల మాట మీద, బండివాని మాట మీద ఆధారపడవలసి వచ్చేది. యాత్రికుడిని ఈ పరాధీనత నుండి వీలైనంతవరకు విముక్తుడిని చేయడమే తన పుస్తకాల లక్ష్యమని బేడెకర్ భావించాడు.

పరిశీలనా పద్ధతి

బేడెకర్ తాను వర్ణించే ప్రదేశాలకు స్వయంగా వెళ్ళేవాడు. తానెవరో హోటల్ యజమానులకు తెలియనీయకుండా మామూలు యాత్రికుని వలె ప్రయాణం చేసేవాడు. పుస్తకంలో తమ పేరు వస్తుందని తెలిస్తే యజమాని ప్రత్యేక మర్యాదలు చేస్తాడు. అటువంటి మర్యాద తరువాత వచ్చే పాఠకునికి దొరకదు కనుక ఆ అనుభవం ఆధారంగా చెప్పిన అభిప్రాయం అతనికి ఉపయోగపడదు. అజ్ఞాతంగా ప్రయాణించడంలోని ప్రయోజనం ఇదే.

ఆయన ఖచ్చితత్వానికి నిదర్శనంగా ఒక సంఘటన తరచు చెప్పబడుతుంది. గిస్బర్ట్ ఫన్ విన్కే అనే జర్మన్ రచయిత మిలాన్ నగరంలోని ప్రధాన చర్చి పైకప్పుకు వెళ్ళే మెట్లు ఎక్కుతుండగా, ముందు నడుస్తున్న ఒక వ్యక్తి కొన్ని మెట్లకొకసారి కోటు లోపలి చొక్కా జేబు నుండి ఏదో తీసి ప్యాంటు జేబులో వేసుకోవడం గమనించాడు. ఆ వ్యక్తి బేడెకర్. ప్రతి 20 మెట్లకు ఒక బఠాణీ గింజ జేబు మార్చుతూ ఆయన మెట్ల సంఖ్య లెక్కిస్తున్నాడు. దిగేటప్పుడు అదే లెక్కను తిరిగి సరిచూసుకున్నాడు.

నక్షత్రం గుర్తు

చూడదగిన వాటికి గుర్తులు వేయడం బేడెకర్‌తో మొదలు కాలేదు. ఆయనకంటె ముందే మరియానా స్టార్క్ అనే ఆంగ్ల రచయిత్రి తన యాత్రా గ్రంథాలలో కళాఖండాల పక్కన ఆశ్చర్యార్థకాలు వేసి వాటి విలువను సూచించింది. మర్రే కూడా గుర్తులు ఉపయోగించాడు. బేడెకర్ 1846 నాటి ముద్రణలో దర్శనీయ స్థలాలకు, బసలకు నక్షత్రాలు వాడడం ప్రారంభించాడు. దర్శనీయ స్థలాలకు అత్యధికంగా రెండు నక్షత్రాలు ఇచ్చేవారు.

హోటల్ పేరు పక్కన ఉండే నక్షత్రం అర్థం వేరు. అది ఆ హోటలు ఎంత విలాసవంతమైనదో తెలిపే కొలత కాదు. సౌకర్యం, శుభ్రత, మంచి నిర్వహణ, వాటికి తగిన ధర ఉన్నాయని సంపాదకుడు నమ్మినప్పుడే ఆ గుర్తు లభించేది. అందువలన నగరంలోకెల్లా ఖరీదైన హోటలుకు నక్షత్రం లేకుండా పోవచ్చు, ఒక సాధారణ హోటలుకు ఉండవచ్చు. నేడు అనేక దేశాలలో ఇచ్చే ఒకటి నుండి ఐదు వరకు గల నక్షత్రాల హోదా ప్రధానంగా గదుల పరిమాణం, సదుపాయాలు వంటి వాటిపై ఆధారపడి ఉంటుంది. చూడడానికి ఒకేలా ఉన్నా ఈ రెండు పద్ధతులు అడిగే ప్రశ్నలు వేరు. ఒకటి హోటల్లో ఏమేమి ఉన్నాయని అడుగుతుంది. రెండవది అక్కడ చెల్లించిన సొమ్ముకు తగిన ఫలితం దక్కుతుందా అని అడుగుతుంది.

హోటళ్ళ ఎంపికలో బేడెకర్ నియమాలు

బేడెకర్, ఆయన కుమారుల కాలంలో ఈ కరదీపికలలో హోటళ్ళ గురించి కొన్ని నియమాలు స్థిరపడ్డాయి. వాటిలో ముఖ్యమైనవి:

* ప్రకటనలు స్వీకరించరాదు. కరదీపికల ప్రతినిధులమని చెప్పుకొని హోటళ్ళవారి వద్ద సొమ్ము అడిగేవారు మోసగాళ్ళని ముందుమాటలలోనే హెచ్చరించేవారు.
* ప్రతి నగరం వర్ణనకు ముందే హోటళ్ళ జాబితా ఇవ్వాలి. అందులో హోటలు ఉన్న చోటు, గది అద్దె, అల్పాహారం, భోజనం ధరలు తెలపాలి. కొవ్వొత్తులకు, పరిచారకుల సేవకు విడిగా వసూలు చేసే సొమ్మును కూడా పేర్కొనాలి. అద్దె తక్కువగా కనబడినా ఈ చిల్లర పద్దుల వలన బిల్లు పెరగడం ఆనాడు సర్వసాధారణం.
* ధరలకు ఆధారం హోటల్ వారి మాట కాదు, చెల్లించిన బిల్లులు. తమ బిల్లులను, వాటిపై అభిప్రాయాలను వ్రాసి పంపవలసిందిగా పాఠకులను కోరేవారు.
* సాధారణ తరగతి హోటళ్ళను వాటి తరగతిలోనే అంచనా వేయాలి.
* జాబితాలో లేని హోటళ్ళన్నీ చెడ్డవని అనుకోరాదు. పేర్కొనని చోట కూడా మంచి బస దొరకవచ్చునని ముందుమాటలు స్పష్టంగా చెప్పేవి.

బస చేసేవారికి ఇచ్చిన సలహాలు కూడా ఆచరణీయమైనవే. ఎక్కువ రోజులు ఉండేవారు రెండు మూడు రోజులకొకసారి బిల్లు తెప్పించుకొని చూడాలి. తెల్లవారుజామున బయలుదేరేవారు ముందటి సాయంత్రమే బిల్లు అడగాలి. చివరి నిమిషంలో ఇచ్చే బిల్లులోని పొరపాట్లను పట్టుకోవడానికి గాని, సరిచేయించడానికి గాని వ్యవధి ఉండదు. నోటి లెక్కను అంగీకరించక వ్రాతపూర్వకమైన బిల్లునే కోరాలి.

మరణము

బేడెకర్ జీవితమంతా ప్రయాణాలు, పరిశీలనలు, పాత ముద్రణల సవరణలతోనే గడిచింది. హోటళ్ళు చేతులు మారుతుంటాయి, ధరలు పెరుగుతుంటాయి, కొత్త రైలు మార్గాలు పడుతుంటాయి. కాబట్టి ప్రతి పుస్తకాన్నీ మరల మరల సరిచూడవలసి వచ్చేది. ఆయన 58 సంవత్సరాలు నిండకుండానే 1859 అక్టోబర్ 4న కోబ్లెంజ్‌లో మరణించాడు.

వారసులు

బేడెకర్ తరువాత పెద్ద కుమారుడు ఎర్నస్ట్ (1833 - 1861) సంస్థ బాధ్యతలు స్వీకరించాడు. రైన్ ప్రాంతపు కరదీపిక మొదటి ఆంగ్ల ముద్రణ 1861లో వెలువడింది. అదే సంవత్సరం ఎర్నస్ట్ ఈజిప్టులో వడదెబ్బ తగిలి మరణించాడు. తరువాత రెండవ కుమారుడు కార్ల్ (1837 - 1911), ఆపై చిన్నవాడైన ఫ్రిట్జ్ (1844 - 1925) సంస్థను నడిపించారు. 1872లో సంస్థ కార్యాలయం లైప్‌జిగ్‌కు మారింది. ఫ్రిట్జ్ కాలంలో ఈ కరదీపికలు యూరప్ దాటి పాలస్తీనా, సిరియా, ఈజిప్టు, అమెరికా వంటి ప్రాంతాలకు విస్తరించాయి. 1914లో భారతదేశం గురించిన కరదీపిక జర్మన్ భాషలో వెలువడింది. అందులో సింహళం, బర్మా, మలయా, సయాం, జావా కూడా ఉన్నాయి. అదే సంవత్సరం మొదటి ప్రపంచయుద్ధం ప్రారంభమై విహారయాత్రలు నిలిచిపోయాయి.

విమర్శ, దుర్వినియోగము

బేడెకర్ చేతిలో ఉంటే చాలునని, నక్షత్రం ఉన్నవాటిని తప్ప మరి దేనినీ చూడని యాత్రికులను పలువురు రచయితలు పరిహసించారు. ఇ.ఎం.ఫార్‌స్టర్ 1908లో వెలువరించిన ఆంగ్ల నవల ఎ రూమ్ విత్ ఎ వ్యూలో ఫ్లోరెన్స్ చూడవచ్చిన కథానాయిక చేతిలో బేడెకర్ లేకపోవడం ఒక ముఖ్య సన్నివేశం. పరాధీనత తొలగించడానికి పుట్టిన పుస్తకమే మరొక పరాధీనతకు దారితీసిందన్నది ఈ విమర్శల సారాంశం.

రెండవ ప్రపంచయుద్ధంలో ఈ పేరు విషాదకరమైన రీతిలో వినిపించింది. 1942 మార్చి చివర బ్రిటిష్ విమానాలు జర్మనీలోని ల్యూబెక్ నగరంపై బాంబులు వేశాయి. ప్రతీకారంగా జర్మన్ వైమానిక దళం ఎక్సెటర్, బాత్, నార్విచ్, యార్క్, కాంటర్‌బరీ వంటి చారిత్రక నగరాలపై దాడి చేసింది. బేడెకర్ కరదీపికలో మూడు నక్షత్రాలున్న స్థలాలన్నిటినీ ధ్వంసం చేస్తామని జర్మన్ ప్రచార అధికారి ఒకరు ప్రకటించడంతో ఇవి బేడెకర్ దాడులుగా పేరుపడ్డాయి. నిజానికి ఆ పుస్తకాలలో మూడు నక్షత్రాలు ఎన్నడూ లేవు. 1943 డిసెంబర్‌లో బ్రిటిష్ విమానాలు లైప్‌జిగ్‌పై జరిపిన దాడిలో బేడెకర్ సంస్థ భవనం ధ్వంసమైంది. యుద్ధానంతరం 1948లో బేడెకర్ మునిమనుమడు కార్ల్ ఫ్రీడ్రిక్ బేడెకర్ సంస్థను పునరుద్ధరించాడు.

ప్రాముఖ్యత

బేడెకర్ హోటళ్ళు కట్టినవాడు కాదు, నడిపినవాడూ కాదు. అతిథిగా బస చేసి, సొమ్ము చెల్లించి, చూసినది వ్రాశాడు. అభిప్రాయం చెప్పేవానికి, హోటల్ యజమానికి మధ్య డబ్బు సంబంధం ఉండరాదన్న సూత్రం, ధరను ప్రక్కన పెట్టి నాణ్యతను చెప్పరాదన్న సూత్రం ఆయన కరదీపికల ద్వారానే విస్తృతంగా ప్రచారం పొందాయి. విదేశంలో విలాసవంతమైన హోటలు ఎంచుకునేవారు ఎవరి మాట నమ్మాలన్న ప్రశ్నకు, ఆ మాట చెప్పినవాడు తన బిల్లు తానే చెల్లించాడా అని ముందుగా విచారించడం నేటికీ వర్తించే పరీక్షే.