వాల్టర్ క్రిస్టీయును, ఎగురని టాంకును

స్వదేశము నిరాకరించిన నిపుణుని పరదేశములు నెత్తిన బెట్టుకొనుట చరిత్రలో క్రొత్త గాదు. అమెరికా యింజనీరు జాన్ వాల్టర్ క్రిస్టీ కథ యట్టిదే. కాని దోషమంతయు నా ప్రభుత్వముపైననే మోపుటకు మేము సమ్మతింపము.

క్రిస్టీ 1865లో న్యూజెర్సీలో జన్మించెను. పదునారవ యేటనే యినుప కార్ఖానాలో చేరి పని నేర్చెను. పిదప ముందుచక్రములే లాగెడు మోటారు బండ్లను నిర్మించి, 1907లో ఫ్రాన్సునందలి గ్రాండ్ ప్రీ పందెమున స్వయముగా నడపెను. అందు గెలువలేదు. ఆ యంత్రమునే మార్చి, గుఱ్ఱములు లాగుచుండిన నగ్నిమాపక శకటములకు ట్రాక్టరుగా నమర్చి, వందలకొలది నగరములకు విక్రయించెను.

మొదటి మహాయుద్ధమునాటి టాంకులు మనిషి నడకను మించి పోజాలకుండెను. క్రిస్టీ 1928లో ప్రతి పెద్దచక్రమునకును వేఱువేఱుగా పొడవైన చుట్టస్ప్రింగు నమర్చెను. మిట్ట తగిలిన చక్రము మాత్రమే లేచును, బండి యదరదు. ఉక్కుపట్టాలతో గంటకు 42 మైళ్లు, పట్టాలు తీసి చక్రములతో రాజమార్గమున 70 మైళ్లు నడచెను! అయినను అమెరికా సేన 1931లో కొన్నది ఏడు టాంకులే. అంతకుముందే రెండు టాంకులు, గోపురములు తీసివేయబడి, వ్యవసాయపు ట్రాక్టర్లను పేర రష్యాకు ఓడ నెక్కెను. అవి దున్నుటకు గాదని మా పాఠకులకు చెప్ప నక్కఱలేదు.

1932లో నాతడు సుమారు 5 టన్నుల తేలిక టాంకును నిర్మించెను. దీనిని విమానపు కడుపున వ్రేలాడదీసి శత్రువుల వెనుక దింపవలెనని యొకమాఱు, దీనికే రెక్కలును పంకాయును తగిలింపవలెనని మఱొకమాఱు తలచెను. ఆ నమూనాయు రష్యాకే పోయెను.

ఆర్థికమాంద్యమున ధనము లేదనుట నిజమే. కవచము పలుచన యనుటయు నిజమే. కాని సేనవారు కోరిన మార్పు చేయుట కీతడు సమ్మతింపడు. ఒకటి యడిగిన, దాని నటుంచి మఱొక క్రొత్త నమూనాతో వచ్చును. వేగమే కవచమని యాతని పట్టుదల. లోపల గూర్చుండి పోరాడువాని మాట యాతనికి తోచినట్లు లేదు. రష్యనులు మాత్రము స్ప్రింగును గ్రహించి, దానిపై దళసరి కవచమును, పెద్ద ఫిరంగిని నిలిపిరి. ఆంగ్లేయులును 1936లో నొక క్రిస్టీ టాంకును కొని తమ క్రూజర్ టాంకుల కది మూలముగ జేసికొనిరి.

క్రిస్టీ 1944 జనవరిలో వర్జీనియాలో మరణించునాటికి, ఆ స్ప్రింగులపై నడచు టి-34 టాంకులు జర్మనులను పడమటికి తఱుముచుండెను. అమెరికా సేన నడపుచుండిన షెర్మన్ టాంకులో నాతని స్ప్రింగు లేదు.