బళ్ళారి రాఘవ

ఆంధ్ర నాటకరంగ చరిత్రలో బళ్ళారి పట్టణమునకు విశిష్టమైన స్థానము కలదు. కన్నడము, తెలుగు కలిసి వినవచ్చు ఆ యూరిలో ఇరువురు న్యాయవాదులు, ధర్మవరము రామకృష్ణమాచార్యులవారును కోలాచలము శ్రీనివాసరావుగారును, స్వయముగా నాటకములు రచించి, సమాజములు నెలకొల్పి ప్రదర్శించిరి. ధర్మవరమువారి మేనల్లుడే తాడిపత్రి రాఘవాచార్యులు. లోకమునకు బళ్ళారి రాఘవ.

రాఘవగారు 1880 ఆగస్టు 2న అనంతపురము జిల్లా తాడిపత్రిలో జన్మించిరి. మదరాసులో న్యాయశాస్త్రము చదివి బళ్ళారిలో వకీలుగా పేరు గడించిరి. పగలు కోర్టు, రాత్రి రంగస్థలము. నాటకము వారికి జీవనోపాధి కాదు. ఉద్యోగరీత్యా రాయపూరు వంటి దూరప్రదేశములకు వచ్చి, కచేరీ పని ముగిసిన పిదప నాటకములు సాధనచేయు మనవారు ఈ సంగతి గమనింపదగును.

మేనమామ తెలుగు నాటకమున పద్యములకును పాటలకును పెద్దపీట వేసినవారు. మేనల్లుడు ఆ మార్గమునకు ఎదురు నడిచెను. ఆ దినములలో ప్రేక్షకులు నటుని కంఠము వినుటకే వచ్చెడివారు. పద్యము ముగియగానే వన్సుమోరు కేకలు చెలరేగెడివి; చనిపోయిన పాత్ర సైతము లేచి మరల రాగమెత్తుకొనుట కలదని పెద్దలు చెప్పుకొందురు! ఇట్టి సభలయెదుట రాగాలాపన తగ్గించి, మాటకు, చూపునకు, మౌనమునకు ప్రాధాన్యమిచ్చుట సాహసమే. కోలాచలమువారి విజయనగర పతన నాటకమున పఠాను రుస్తుంగా ఆయన పొందిన కీర్తి ఆ సాహసమునకు ఫలము. హిరణ్యకశిపుడు, హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు మున్నగు పాత్రలతోపాటు షేక్స్పియరు ఒథెల్లోను, షైలాకును గూడ ధరించిరి.

రెండవ పోరాటము ఇంతకంటె కఠినమైనది. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని రాఘవగారు పట్టుపట్టిరి. స్థానం నరసింహారావుగారు స్త్రీవేషములతో ఆంధ్రదేశమును ముగ్ధముచేయుచున్న కాలమది. ప్రేక్షకులకు కొరత యేమియు తోచలేదు. పైగా కులస్త్రీ రంగమెక్కుట అపకీర్తియని సంఘము తలచెడిది. అట్టి వేళ కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని వంటి విద్యావతులు ఆయన ప్రోత్సాహమున రంగమునకు వచ్చిరి. పి. వి. రాజమన్నారుగారి సాంఘిక నాటకము తప్పెవరిది ఇట్లే ప్రదర్శితమయ్యెను. ఈ రాజమన్నారుగారే పిమ్మట మదరాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తియు, 1953లో స్థాపితమైన సంగీత నాటక అకాడమీకి తొలి అధ్యక్షులును అయిరి. నిందలు మాత్రము నటీమణులే యెక్కువగా భరించిరనుట సత్యము.

రాఘవగారు ఐరోపాకు వెళ్ళి, ఇంగ్లండులోని నాటకశాలలను చూచి, బెర్నార్డు షాను కలిసికొని వచ్చిరి. చలనచిత్రములు ఆయనకు అంతగా కలిసిరాలేదు. 1936లో వచ్చిన ద్రౌపదీ మానసంరక్షణములో దుర్యోధనుడుగా నటించిరి. అదే కథతో అదే యేడు వెలువడిన మరియొక చిత్రమునకే జనము మ్రొగ్గిరి. 1939 నాటి రైతుబిడ్డ, 1940 నాటి చండిక తరువాత ఆ మార్గమున సాగలేదు.

1946 ఏప్రిల్ 16న రాఘవగారు కన్నుమూసిరి. ఏడేండ్లకు, 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడునప్పుడు, బళ్ళారి పట్టణము మైసూరు రాష్ట్రమున చేరెను. 1981లో భారత తపాలాశాఖవారు ఆయన బొమ్మతో బిళ్ళ వెలువరించిరి. కర్ణాటకమునందలి ఆ బళ్ళారిలో రాఘవ కళామందిరము నేటికిని ఆయన పేరుతోనే యున్నది.