సామర్లకోట తోటలో రాక్స్‌బరో

పెరటిలో ఎవరును నాటని మొక్క యొకటి మొలచినప్పుడు ఇంటివారు అడుగు మొదటి ప్రశ్న దాని పేరేమని. రెండవది, పిల్లలు కాయ కోసి నోట బెట్టుకొన్నచో ప్రమాదము కలదా యని. ఈ రెండు ప్రశ్నలను ముప్పది యేండ్లకు పైగా విడువక యడిగి, తెలుగుదేశపు మొక్కలకు శాస్త్రగ్రంథములలో స్థానము కల్పించిన వైద్యుడు విలియం రాక్స్‌బరో.

ఆయన 1751లో స్కాట్లండులో జన్మించెను. ఎడింబరోలో జాన్ హోప్ అను ఆచార్యునియొద్ద వృక్షశాస్త్రము నేర్చి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యోద్యోగిగా మద్రాసు చేరెను. మందులలో పెక్కు మొక్కలనుండియే వచ్చుచున్న ఆ కాలమున వైద్యునికి చెట్టుచేమలు తెలియుట అలంకారము కాదు, అవసరము. 1781లో ఉత్తర సర్కారులకు వచ్చి, సామర్లకోటలో తోట వేసి, మిరియము మొదలగువాని సాగును పరీక్షించెను. కంపెనీవారికి కావలసినది లాభము. రాక్స్‌బరో దృష్టి మాత్రము కంచె కావల తనంతట తాను పెరుగు పిచ్చిమొక్కపైనను ఉండెడిది.

1787లో కోరంగి తీరమును ముంచిన ఉప్పెనలో ఆయన అంతవరకు సేకరించిన మొక్కలు, పుస్తకములు, వ్రాతలు కొట్టుకొనిపోయెను. ఇంకొకరైనచో అంతటితో విరమించియుందురు. ఆయన మరల మొదటినుండి ప్రారంభించెను.

ఈ దేశపు చిత్రకారులకు జీతమిచ్చి, కొమ్మను, పూవును, కాయను వ్రాయించెను. పూవును విప్పి కేసరములను, కాయను కోసి గింజను వేరువేరుగ చూపించెను. ప్రక్కన తాను లక్షణములు వ్రాసి, జనులు పిలుచు తెలుగు పేరును చేర్చెను. పేరు ముఖ్యమే కాని, పేరొక్కటియే చాలదు. హిమాలయములలో దొరకు వసనాభి వేరు, మన కంచెలపై ప్రాకు అడవినాభి వేరు. రెండును నాభియే, రెండును విషమే, కాని వాని విషములు వేరు. పేరు విని చికిత్స చేయబూనిన వైద్యుని గతి యేమగును?

ఆయన చిత్రములలో మిక్కిలి ఆలోచింపదగినవి ముష్టి, చిల్ల అను రెండు చెట్లవి. ఇవి ఒకే కుటుంబపు తోబుట్టువులు. రెంటికిని ఆకులు ఎదురెదురుగ నుండును. ఆకు మొదటినుండియే ఈనెలు స్పష్టముగ సాగును. ఆకు మాత్రమే చూచి తొందరపడువాడు పొరబడవచ్చును. ముష్టిగింజ ప్రాణాంతకము. చిల్లగింజయో, కుండ లోపలి గోడకు రుద్ది బురదనీరు పోసినచో మడ్డిని అడుగునకు దింపి నీటిని తేర్చును. ఒకటి చంపును, ఒకటి త్రాగునీరిచ్చును. వేరుపరచుటకు కాయ చూడవలెను: ముష్టికాయ నారింజయంత, పండినచో నారింజవన్నె, లోపల బొత్తాములవంటి చదునైన గింజలు, చిల్లకాయ చిన్నది, పండినచో నల్లనిది, లోపల గుండ్రని గింజ యొకటియే. 1795లో లండనులో వెలువడ నారంభించిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమున ఈ రెండును వెంటవెంటనే కనుపించును. 300 చిత్రములుగల ఆ గ్రంథము మూడు సంపుటములై 1820లో ముగిసెను.

ఆ గ్రంథముననే ఒడిశచెట్టు కలదు. దాని కాయ పైడొల్ల మహావిషమని జనులు చెప్పుదురని ఆయన వ్రాసెను. విన్నదానిని విన్నదిగానే వ్రాసెను, పరీక్షించినట్లు చెప్పుకొనలేదు. ఆ జనవాక్యము వట్టిది కాదు. ఒడిశాకు కషాయము మూత్రపిండములను చెరిచి, రక్తములోని పొటాషియమును తగ్గించి, గుండెను ఆపునని నేటి వైద్యులు ఎరుగుదురు.

ఆ మాట ఆయనకు చెప్పిన గ్రామస్థుడెవరో తెలియదు. కొమ్మలు వ్రాసిన చిత్రకారుల పేర్లును గ్రంథముఖమున లేవు. ఇది ఆ కాలపు రివాజే యైనను లోపమే.

1791–92 నాటి కరవును సర్కారులలో కన్నులార చూచిన రాక్స్‌బరో, వానలు తప్పినను తిండి దొరకునట్లు కొబ్బరి, తాటి, పనస మొదలగు చెట్లను విరివిగ నాటింపవలెనని పైవారికి వ్రాసెను. 1793లో కలకత్తా చెంత శిబ్‌పూరు తోటకు అధికారియై 1813 వరకు ఉండెను. మరుసటి యేట విలియం కేరీ అచ్చువేయించిన ఆ తోట పట్టికలో సుమారు 3,500 రకములు కలవు. ఆరోగ్యము చెడి స్వదేశమునకు మరలిన రాక్స్‌బరో 1815లో ఎడింబరోలో కన్నుమూసెను. ఆయన భారతదేశపు మొక్కల గ్రంథము సంపూర్ణముగ అచ్చగుట కింకను పదునేడేండ్లు పట్టినది.

ఆయన వ్రాయించిన 2,500 పైచిలుకు చిత్రములు శిబ్‌పూరు తోటలోని కేంద్ర వృక్షసంగ్రహాలయమున నిలిచినవి. ప్రతిచిత్రములు లండను చెంత క్యూ తోటలో కలవు. ఉప్పెనలో అంతయు పోగొట్టుకొన్నవాడు ఈసారి రెండు ప్రతులు వ్రాయించెను.